ఆ పదకొండు ఇళ్లకు ‘వలస’ అని రాసింది నేనే

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లు ఎక్కువగా ఉండే ఒక గల్లీ ఉంది. ఓటర్ల జాబితాలోంచి ఆ గల్లీ పేర్లు పోవడానికి కారణం అక్కడి అంగన్‌వాడీ టీచరమ్మేనని చాలామంది చాలా ఏళ్లు నమ్మారు. కొందరు ఇప్పటికీ నమ్ముతున్నారు. ఆమె డబ్బు తిన్నదని కొందరన్నారు, ఎవరో నాయకుడి మాట విని చేసిందని ఇంకొందరన్నారు. రెండూ అబద్ధమే. ఆ పేర్లు పోయేలా రాసింది నేను. సరిచేసే గడువు ఉండి కూడా చేయలేదు. పైవాళ్లు అడిగినప్పుడు నేరం ఆమె మీదికి నెట్టాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మెల్లగా చెప్పుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో నన్ను నేను కాపాడుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం.

నేనప్పుడు కోరుట్లలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా ఉన్నాను. ఉద్యోగం వచ్చి మూడేళ్లు కూడా కాలేదు. మాది బీర్పూర్ దిక్కు ఒక పల్లె. మా ఇంట్లో సర్కారు నౌకరి చేసిన మొదటి మనిషిని నేనే. ఆ నౌకరి ఎప్పుడు పోతుందోనన్న భయం దాంతో పాటే వచ్చింది. హెడ్మాస్టరు పిలిచినా, పోస్టుమాన్ కవరు తెచ్చినా మొదట నౌకరి పోయిందనే అనుకునేవాణ్ని.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్లీ రాజుకున్న రోజులవి. ఒకరోజు బందు, ఇంకోరోజు రాస్తారోకో. అదే సమయంలో అసెంబ్లీ నియోజకవర్గాల హద్దులు మార్చారు. బుగ్గారం పేరు మీద ఉన్న సీటు లేకుండా పోయింది. మా పట్నం పేరు మీద కొత్త సీటు వచ్చింది. బస్టాండు దగ్గరి హోటల్లో పొద్దున్నే ఇదే ముచ్చట.

“రాష్ట్రం అడిగితే సీటు ఇచ్చిండ్రు పో,” అని ఒకాయన నవ్వాడు.

“మనకన్న ఇచ్చిండ్రు తియ్యి. బుగ్గారపోళ్లకు ఉన్నదే గుంజుకున్నరు,” అన్నాడు పక్కాయన.

“నవ్వకుండ్రి. గీతలు ఊకెనే గీస్తరా? ఎవని ఓటు ఏడ కోస్తే ఎవనికి లాభమో సూసుకునే గీస్తరు,” అన్నాడు మూడో మనిషి.

ఆ మూడో మాటే పట్నమంతా పాకింది. కొత్త సీటు వచ్చిందన్న సంబురం నాలుగు రోజులే. ఆ తర్వాత ప్రతి గల్లీలో ఒకటే అనుమానం, కోతకు వచ్చేది మన పేర్లేనా అని.

కొత్త సీటు కాబట్టి పోలింగు బూత్‌లన్నీ మళ్లీ సర్దారు. ఏ ఇల్లు ఏ బూత్ కిందికి వస్తుందో, ఎవరున్నారో, ఎవరు చనిపోయారో, ఎవరు ఊరు విడిచిపోయారో ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మన్నారు. ఎమ్మార్వో ఆఫీసులో మీటింగు పెట్టి ఒక అధికారి చెప్పాడు: “కొత్త సీటు. మొదటి జాబితా. ఒక్క తప్పు దొర్లినా సస్పెండే. మళ్లా నా దగ్గరికొచ్చి ఏడ్వొద్దు.” వెనక వరుసలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నాకిచ్చిన వాటిలో ఆ బీడీల గల్లీ ఒకటి. అక్కడ ఎక్కువగా ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు. మగవాళ్లు చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్లు. పరాయి మగవాడు ఇళ్లలోకి పోయి అడగడం కుదరదు కాబట్టి నాకు తోడుగా అంగన్‌వాడీ టీచరమ్మను వేశారు. ఆమె ఇల్లు ఆ గల్లీ చివర్లోనే. ఆమెది క్రైస్తవ కుటుంబం. ఆమె తల్లి ఒకరి పొలంలో కూలికి పోయి ఈమెను పదో తరగతి దాకా చదివించింది. భర్త గల్ఫుకు పోయి జాడలేకుండా పోయాడు. ఒక్కతే బిడ్డ, మా బడిలోనే మూడో తరగతి. ఆ గల్లీ ఆడవాళ్లతో ఆమె ఉర్దూ వాళ్లలాగే మాట్లాడేది. ఆమె లోపలికి పోయి అడిగి వచ్చి చెబితే నేను అరుగు మీద కూర్చుని రాసేవాణ్ని.

ప్రతి కాగితం కింద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆమెకు సెంటరు పని, నాకు బడి పని, రోజూ కలవడం కుదిరేది కాదు. అందుకని మేమంతా చేసే పద్ధతే చేశాం. ఖాళీ కాగితాల కట్ట మీద ఆమె చేత ముందే సంతకాలు పెట్టించుకుని నా సంచిలో పెట్టుకున్నాను. అప్పుడది మాకెవరికీ తప్పనిపించలేదు. పని సాగాలంటే అంతే అనుకునేవాళ్లం. సంతకాలు పెడుతూ ఆమె అన్నది కూడా: “సార్, మీ మీద నమ్మకంతోని పెడ్తున్న. నా ఇల్లు గూడ రాసిచ్చేటట్టున్న.”

“మీ ఇల్లు నాకెందుకక్కా? రేకులు కురుస్తయి,” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ గల్లీ ఒక్కటే మిగిలింది. ఆ రోజు సెంటరులో పిల్లల్ని తూకం వేసే రోజు. పొద్దున్నే బడి దగ్గరికి వచ్చి చెప్పింది.

“సార్, ఇయ్యాల నేను రాను. మీరొక్కరు ఆ గల్లీకి పోకుండ్రి. పగటీలి పోతే అన్ని తాళాలే కనవడ్తయి. అందరు ఖాలా ఇంట్ల కూసుంటరు. రేపు నేను తోలుకపోత.”

రేపు బందు. కాగితాలు ఆ సాయంత్రమే ఇవ్వమని నాకు కబురు వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. “సరే అక్కా” అని పంపించాను.

ఆమె చెప్పకపోయినా నాకు తెలియంది కాదు. బీడీల గల్లీలు ఎక్కడైనా అట్లే ఉంటాయి. పొద్దున వంట కాగానే ఆడవాళ్లు ఇళ్లకు తాళాలేసి, చాట, కత్తెర, ఆకు, తంబాకు పట్టుకుని ఒకరింట్లో చేరతారు. పదిమంది కూడి ముచ్చట పెట్టుకుంటే చెయ్యి ఆడుతుంది, నడుం నొప్పి తెలియదు. ఆ గల్లీలో అందరూ ఖాలా అని పిలిచే ముసలామె ఇంటికి ఎండ తగలని పెద్ద సాయబాను, ఒక ఫ్యాను ఉండేవి. అందుకని అందరూ అక్కడే. మా అమ్మ కూడా మా పల్లెలో అట్లాగే తాళం వేసుకుని పోయి బీడీలు చేసింది. నేను ఆ ఆకుల పక్కన పెరిగినవాణ్ని. తెలియక రాశానని చెప్పుకోవడానికి నాకు ఆ దారి కూడా లేదు.

మధ్యాహ్నం పోయాను. పదకొండు ఇళ్లకు తాళాలు. గల్లీలో ఒక మేక తప్ప ఏమీ లేదు. ఖాలా ఇంటి పరదా వెనకనుంచి కత్తెరల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. పరదా ముందు నిలబడి, “ఎవరన్న ఉన్నరా?” అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. నవ్వులు ఆగిపోయాయి.

“కౌన్?” అని లోపలినుంచి ఒక గొంతు.

సిగ్గో, జంకో, ఇంత గల్లీలో ఒక్కణ్ని ఆడవాళ్ల ఇంటి ముందు నిలబడ్డానన్న బెదురో, నేను జవాబు చెప్పలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. హోటల్ బల్ల మీద కూర్చుని, ఆమె సంతకం ఉన్న కాగితం తీసి, పదకొండు ఇళ్లకు ఎదురుగా ‘తాళం. వలస’ అని రాశాను. మా దిక్కు ఇల్లంతా కలిసి బొంబాయి పోవడం, భీవండి పోవడం కొత్త కాదు, ఎవరూ అడగరు. కింద నా సంతకం చేసి, బందుకు ముందే కాగితాలు అప్పగించి ఇంటికి పోయి అన్నం తిన్నాను.

తర్వాత సరిచేయవచ్చు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మా బడి గోడకే అతికించారు. అభ్యంతరాలకు గడువు కూడా ఇచ్చారు. రోజూ ఆ గోడ పక్కనుంచే తరగతికి పోయేవాణ్ని. ఒక దరఖాస్తు రాస్తే అయిపోయేది. కాని రాస్తే, పోయిచూడకుండానే రాశావా అని అడుగుతారు. ఆ అధికారి మాట చెవిలో ఉంది. రేపు రాద్దాం అనుకుంటూ గడువు దాటించాను.

ఆ రోజుల్లోనే టీచరమ్మ ఒకసారి ఆపి అడిగింది. “సార్, ఆ గల్లీకి మల్ల పోనే లేదు గదా మనం?”

“అయిపోయింది అక్కా. నేను చూసుకున్న.”

“ఖాలా ఇంట్లకు ఎవలు అడిగి అచ్చిండ్రు మరి?”

“అయిపోయిందన్న కదా,” అన్నాను కొంచెం గట్టిగా. ఆమె నా మొహం చూసి సెంటరు దిక్కు నడిచింది.

పోలింగు రోజు నన్ను బూత్ బయట జాబితా పట్టుకుని కూర్చోబెట్టారు. పదిగంటలప్పుడు వాళ్లు వచ్చారు. ఖాలా ముందు, వెనక బురఖాల్లో పదిహేను మందో ఇరవై మందో. పట్నం పేరు మీద మొదటి ఎన్నిక అని కొందరు పండుగకు తొడుక్కునే చెప్పులు వేసుకుని వచ్చారు. మొదటామె తన కార్డు చాపింది. నేను జాబితాలో వెతికినట్టు నటించాను. లేదని నాకు తెలుసు.

“పేరు లేదమ్మా.”

“మంచిగ సూడు సార్.”

“లేదు.”

రెండో ఆమెది లేదు. మూడో ఆమెది లేదు.

“మా పక్కింటి ముసలాయన సచ్చి రెండేండ్లాయె. ఆయనది ఉన్నదా?” అని ఒకామె అడిగింది. ఉంది. “అరెరె, సచ్చినోళ్లవి ఉన్నయి, బతికినోళ్లవి లేవా? అయితే పోయి ఆయన్నే పిలుసుకొస్త ఆగు,” అన్నది. నలుగురు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఖాలా ఇంటికి తాళం లేదు కాబట్టి ఖాలా పేరు ఉంది. ఆమె తన ఓటరు చీటీని తిరిగి బల్ల మీద పెట్టింది.

“మేము యాడికి పోయినం మాస్టర్? ఈడనే ఉన్నం గదా,” అన్నది. “వీళ్లవి లేకుంటే నాది నాకెందుకు? ఉంచుకో.” అందరినీ తీసుకుని తిరిగిపోయింది.

ఆ గొంతు గుర్తుపట్టాను. పరదా వెనక ‘కౌన్’ అన్నది ఆమెనే. ఆమె నా గొంతు గుర్తుపట్టిందా? ఆ రోజునుంచి ఎన్నో నెలలు నన్ను తిన్న భయం అదే. బజార్లో బురఖా కనబడితే సందు మారేవాణ్ని.

మరునాటికల్లా ఎవరో నాయకుడు మా కాగితం నకలు సంపాదించి గల్లీలో చూపించాడు. కింద రెండు సంతకాలు. నా సంతకం ఎవరూ పట్టించుకోలేదు. సారు బయటి మనిషి, ఆయనకేం తెలుసు, గల్లీ మనిషి చెబితే రాసుంటాడు అనుకున్నారు. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో తెలిసేది ఆమెకే. వాళ్లింట్లో సేమియా తిన్నది, వాళ్ల పిల్లల్ని సంకకెత్తుకున్నది ఆమె. కోపమంతా అటే పోయింది.

గల్లీవాళ్లు ఆమె సెంటరు మీదికి పోయిన రోజు నేను రోడ్డు అవతలి హోటల్లో ఉన్నాను. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి ముప్పై మంది ఉంటారు. ఆమె పిల్లల్ని లోపలికి తోసి గుమ్మంలో నిలబడింది. బడికి సెలవు కాబట్టి ఆమె బిడ్డ కూడా లోపలే ఉంది.

“కొత్త సీటు చేసిందే మమ్మల్ని కోసెటందుకు. నువ్వు కత్తి అందిచ్చినవా?”

“ఎంతకమ్ముకున్నవ్ చెప్పు!”

“నేను ఆ దినం రానే లేదు. ఏసు మీద ఒట్టు. సార్‌ను అడుగుండ్రి,” అంటోంది ఆమె.

సార్‌ను అడుగుండ్రి అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. హోటలాయన నా దిక్కు చూశాడు. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. లేచి రోడ్డు దాటితే ఇరవై అడుగులు. నేను లేవలేదు. ఎవరో సెంటరు బోర్డు పీకి మురికి మోరీలో పడేశారు. ఒకామె, ఖాలానో మరెవరో, తన మనవణ్ని లాక్కుని పోతూ గుమ్మం మీద ఉమ్మింది. లోపలినుంచి ఒక పిల్ల ఏడుపు చాలాసేపు వినిపించింది. నేను చాయ్ తాగడం పూర్తిచేసి వెనక సందులోంచి ఇంటికి పోయాను.

తర్వాత జగిత్యాలలో విచారణకు ఇద్దరినీ పిలిచారు. ఒకే బస్సులో పోయాం. కిటికీ పక్కన ఆమె, ఇటు చివర నేను, మధ్యలో ఆమె టిఫిను డబ్బా. దారిలో ఒకచోట రాస్తారోకో, బస్సు గంట సేపు ఆగింది. బయట పోరగాళ్లు టైర్లు తగలబెడుతుంటే పొగ లోపలికి వచ్చింది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా అన్నది.

“సార్, మీరు ఏం తప్పు చేసిండ్రో నేను అడగ. ఆ దినం నేను రాలేదని ఒక్కటి చెప్పుండ్రి. గంతే. సంతకం ముందుగాల్నే పెట్టిచ్చుకున్న అని చెప్పుండ్రి. అందరు చేసేదే గదా, మిమ్ముల కొడ్తరా?”

“చెప్త అక్కా,” అన్నాను.

“నా బిడ్డ బడికి పోతలేదు సార్.”

“చెప్త అన్న గదా.”

డబ్బా మూత తీసి నాకు రెండు రొట్టెలు పెట్టింది. తిన్నాను.

నన్ను ముందు పిలిచారు. విచారణ అధికారి చెడ్డవాడు కాదు. మంచినీళ్లు ఇప్పించి, నిదానంగా అడిగాడు. “మీరు ఆ ఇళ్లకు పోయిండ్రా?” పోయాను అన్నాను. అది సగం నిజం. “వలస అని ఎట్ల తెలిసింది?” అక్కడే ఒక క్షణం దొరికింది నాకు. ఆ క్షణం ఎంత పొడుగో ఇప్పటికీ కొలవగలను. నేను చెప్పింది ఇది: “అంగన్‌వాడీ టీచర్ చెప్పింది సార్. ఆమె లోకల్. ఆమె చెప్పినట్టు రాసిన.” ఆయన రాసుకుని సంతకం చేయమన్నాడు. చేశాను. బయటకు వచ్చి ఆమె ముందునుంచే పోయి, మూత్రానికి పోతున్నట్టు పక్కకు తిరిగాను.

లోపల ఆమెకు నేను చెప్పింది చదివి వినిపించారట. తిరుగు బస్సులో ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కోరుట్ల దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను ఆమె మెడనే చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు తిరుగుతుందో, బస్సులో అందరి ముందు ఏమంటుందోనని.

నెల తిరగకముందే ఆమెను తీసేశారు. నాకు హెచ్చరికతో సరిపెట్టారు. మా ఆవిడ మొక్కుకున్నదని ఇద్దరం కొండగట్టుకు పోయి కొబ్బరికాయలు కొట్టి వచ్చాం. గండం గడిచిందని ఆమె సంతోషపడింది. ఏం గండమో ఆమెకూ చెప్పలేదు.

ఆ తర్వాత టీచరమ్మ బిడ్డ కొన్ని రోజులు బడికి వచ్చింది. మధ్యాహ్నం అన్నం దగ్గర ఒక పోరడు, “ఓట్ల దొంగ బిడ్డ అచ్చింది, పళ్లెం దాసుకోర్రి,” అన్నాడు. ఆ పిల్ల నా దిక్కు చూసింది. సార్ ఏమంటాడోనని చూసింది. నేను, “లొల్లి చేయకుండ తినుండ్రి,” అన్నాను. అంతే అన్నాను. మరుసటి వారం తల్లీబిడ్డా సిరిసిల్లలో ఆమె అక్క దగ్గరికి పోయారని తెలిసింది. ఆ రోజు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇగ ఎదురుపడరన్న నెమ్మది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని, జరిగింది అదే.

ఉద్యమం పెద్దదైంది. మేమంతా బడులు బంద్ చేసి టెంట్ల కింద కూర్చున్నాం. నేను న్యాయం గురించి, మోసపోయిన జనం గురించి మైకు పట్టుకుని మాట్లాడాను. బాగా మాట్లాడతానని పేరు కూడా వచ్చింది. ఒకరోజు టెంటులో ఒకాయన, “బయటోడు చేసిన మోసం కన్న మనోళ్లే చేసేది ఎక్కువ. గా అంగన్‌వాడీ ఆమె యాదికున్నదా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మైకు పట్టుకున్నప్పుడు జనంలో ఎక్కడో ఆమె నిలబడి ఉందేమోనని ప్రతిసారీ చూసేవాణ్ని. నాకు భయం పోలీసుల లాఠీ కాదు, ఆ ఒక్క మొహం.

రాష్ట్రం వచ్చింది. జగిత్యాల జిల్లా అయింది, సిరిసిల్ల జిల్లా అయింది. మళ్లీ కొత్త గీతలు, కొత్త బోర్డులు. నాకు బదిలీలు అయ్యాయి, ప్రమోషన్ వచ్చింది. రెండు నెలల కింద మళ్లీ ఓటర్ల పని పడింది. కొత్తగా చేరిన ఒక టీచరు నా దగ్గరికి కాగితాల కట్ట తెచ్చి, “సార్, మీరు కింద సంతకాలు పెట్టియ్యుండ్రి. నేను తర్వాత నింపుకుంట,” అన్నాడు. మంచి పిల్లగాడు. నేను అతణ్ని ఎంత తిట్టానో నాకే తెలియదు. అతను బిత్తరపోయి, “ఇంత దానికి గట్లంటరేంది సార్?” అన్నాడు. ఆ ఆదివారం సిరిసిల్ల బస్సు ఎక్కాను.

వెతకడం కష్టం కాలేదు. నేత సాంచాలు నడిచే ఒక వాడలో అద్దె గదిలో ఉంటోంది. గుమ్మం దగ్గర కూర్చుని, చిన్న మోటారు చక్రం మీద కండెలకు నూలు చుడుతోంది. చుట్టూ మరమగ్గాల చప్పుడుకు మాట వినపడదు. నన్ను చూసి గుర్తుపట్టింది. చక్రం ఆపలేదు.

“అక్కా, నేను...”

“ఎర్కే.”

“నేను చేసిన తప్పు...”

“అది గూడ ఎర్కే. జగిత్యాలల సదివి ఇనిపిచ్చిండ్రు గదా.” దారం తెగితే ముడి వేసింది. “గిప్పుడెందుకొచ్చినవ్?”

ఏదైనా చేస్తానన్నాను. క్షమించమన్నాను. ఆమె కండె నిండాక మోటారు ఆపి అన్నది.

“నా బిడ్డ నర్సు పని చేస్తున్నది. నేను చెయ్యలేదని దానికి నమ్మకమే. గని అమ్మా, గల్లీల ఒక్కలన్న నీ మాట ఎందుకు ఇనలే అని అడుగుతది. నేనేం చెప్పాలె? ఖాలా ఇంక బతికే ఉన్నదట. నాతోని కోరుట్లకు రా. ఆమె ముంగట చెప్పు. నాకు చెప్పుడెందుకు, నాకు తెల్వదా?”

కోరుట్ల పేరు వినగానే నేను వాకిలి దిక్కు చూశాను. ఇన్నేళ్లకూ అదే భయం. ఆమె నా మొహం చూసి, “బుగులైతున్నదా? నాకైంది. ముప్పై మంది ముంగట నిలవడ్డప్పుడు,” అన్నది.

పోయిన నెల పోయాం. ఖాలా బాగా ముసలిదైంది, ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. టీచరమ్మను చూసి నలుగురైదుగురు ఆడవాళ్లు బయటకు వచ్చారు, దూరంగా నిలబడ్డారు. టీచరమ్మ ఫోను తీసి బిడ్డకు కలిపి, స్పీకరు పెట్టి మంచం మీద ఉంచింది. “ఇగ చెప్పు” అన్నది.

చెప్పాను. తాళాలు చూసి రాశాననీ, ఆమె వద్దన్నదనీ, ఆమె రాలేదనీ, జగిత్యాలలో అబద్ధం చెప్పాననీ. రెండుసార్లు మధ్యలో ఆపేశాను. రెండుసార్లూ ఖాలా, “ఊ, ఆగుతవెందుకు?” అన్నది. చెప్పడం అయింది. ఖాలా టీచరమ్మ చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీ గుమ్మం మీద ఉమ్మింది నేనే బేటీ,” అన్నది. తర్వాత ఇద్దరూ ఉర్దూలో మాట్లాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది. ఒకామె లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. టీచరమ్మకు ఇచ్చింది. నన్ను దాటుకుని పోయింది.

చాలాసేపటికి ఖాలా నా దిక్కు తిరిగింది. “ఆ దినం కౌన్ అని అడిగిన. జవాబియ్యలే. నువ్వేనా?”

“నేనే.”

“బూత్ కాడ నీ గొంతు ఇన్నప్పుడే అనుకున్న. సార్ గదా, అబద్ధమాడడు అని ఊకున్న,” అన్నది. దానికంటే కొట్టినా బాగుండేది.

ఫోనులోంచి టీచరమ్మ బిడ్డ మాట్లాడింది. “సార్, రిటైర్ అయిండ్రా?”

“ఇంకా లేదు బిడ్డా. తొమ్మిదేండ్లున్నది.”

“అయితే ఆఫీసుల గూడ రాసియ్యుండ్రి. గల్లీల చెప్తే మీకేం పోతది? మా అమ్మకు పోయింది కాగితం మీదనే పోయింది.”

ఆ పిల్ల ఎదురుచూసింది. “చేస్తరా, లేదా? అప్పటి లెక్క చెప్త చెప్త అని ఊకుంటరా?”

“రాసిస్త,” అన్నాను.

మూడు వారాలు పట్టింది. ప్రతిరోజూ ఏదో సాకు దొరికింది. ఇంట్లో చెబితే మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, “పిల్లల చదువులు నడిమిట్ల ఉన్నయి, తెల్సు గదా?” అన్నది. తెలుసు. మొన్న సోమవారం జగిత్యాల పోయి దరఖాస్తు ఇచ్చాను. అందులో ఇక్కడ రాసిందే రాశాను, ఇంకొంచెం పొట్టిగా. గుమాస్తా చదివి, కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

“ఏంది సార్ ఇది? ఆ ఫైలు ఏ బొక్కల ఉన్నదో. గిన్నేండ్లకు మీరే పోయి కెలుక్కుంటరా? ఇంటికి తీస్కపోండ్రి. ఒకసారి మంచిగ ఆలోచన చెయ్యుండ్రి.”

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా చెయ్యి కాగితం మీదికి పోయింది. తీసుకుని పోతే ఎవరూ అడగరు. చెయ్యి వెనక్కి తీసుకుని, ముద్ర వేసి నకలు ఇవ్వమన్నాను. అతను తల ఊపి ముద్ర వేశాడు.

నకలు ఫొటో తీసి టీచరమ్మ బిడ్డకు పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. “అందింది సార్. అమ్మకు సదివి ఇనిపిస్త.” ఇంకేమీ లేదు. ఆఫీసునుంచి ఇప్పటిదాకా కబురు లేదు. పోస్టుమాన్ బడి గేటు దగ్గర ఆగితే మళ్లీ నౌకరి పోయిందనే అనుకుంటున్నాను. కాని ఈసారి ఆ కవరు ఆమె పేరు మీద కాదు, నా పేరు మీదే వస్తుంది.